ముక్కల పాలు

పాలు పడవని డాక్టరు చెప్పిన రోజు
కూర్మారావు ఏమీ అనలేదు.
కాశీబుగ్గ బస్టాండు దాకా నడిచి
బడ్డీ ముందు కాసేపు నిలబడి
మరిగే గిన్నె వైపు చూసి
వక్కపొడి పొట్లం కొనుక్కుని వచ్చేశాడు.

లారీకి సరుకెత్తే మనిషి. రోజుకి ఆరు టీలు.
ఉత్త డికాషను ఇస్తే
"జొరమొచ్చినోడికిచ్చినట్టు కసాయమెందుకే" అని
గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పదిహేడేళ్లుగా నేను జీడిపప్పు ఏరుతున్నాను.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క,
ముక్క, నూక, ఆఖరికి పొడి.
గుండ్లు డబ్బాలెక్కి దేశాలు తిరుగుతాయి.
నూక మాకు, శనివారం కూలిలో కోసుకుని ఇస్తారు.
అంతకు ముందు పిక్కలు కొట్టిన వేళ్లు ఇవి,
జీడినూనె గీతలన్నీ తాగేసింది.
రేషను మిషను ఇప్పటికీ నన్ను నమ్మదు.
వేలు తుడిచి, తలకి రాసి, మళ్లీ పెట్టి,
చివరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటాను.

పక్క బల్ల దిల్లేశ్వరి చెప్పింది:
"అప్పా, వైజాగులో మా ఆడపడుచు పనిచేసే కొట్లో
జీడిపప్పు పాలతోటి టీ అట. లాటే అంటారట.
గ్లాసు రెండొందల అరవై."
అందరం నవ్వాం.
నవ్వు అయిపోయాక చేతులు
ఒక్క క్షణం ఆలస్యంగా ఏరడం మొదలుపెట్టాయి.

ఆ రాత్రే నూక నానబెట్టి, రుబ్బి,
టీ కుతకుతలాడుతుండగా పోసేశాను.
నిమిషంలో చిక్కబడి గరిటెని పట్టుకుంది.
"ఏటే ఇది, అంబలి కాసినావా?"
అన్నాడే గాని, బెల్లం వేసుకుని
గిన్నె గీకి తిన్నాడు.

తరవాత ఉద్దానం కొబ్బరి.
మా మేనమామ తోటలో తుపాను వదిలేసిన
పదకొండు చెట్లవి, ఆయనే సంచిలో వేసి పంపాడు.
పాలు తీసి పోస్తే పైకి నూనె తేలింది.
"తాగమంటావా, తలకి రాసుకోమంటావేటి?"

వారం రోజులు ఆ ఊసెత్తలేదు.
ఒక తెల్లవారుజామున నానిన గుప్పెడు నూక
మిక్సీలో వేసేసరికి కరెంటు పోయింది.
మూలనున్న రుబ్బురోలు కడిగాను.
వెన్నలా, మోచెయ్యి నొచ్చేదాకా.
పాత చీర చింపి వడకడితే
గుడ్డలో పిప్పి మిగిలింది, గిన్నెలోకి తెల్లగా,
ఏ గేదె కిందా కూర్చోకుండా
పాలు.

అల్లం చితక్కొట్టి, యాలకులు నలిపి,
నాలుగు మిరియాలు, గోరంత దాల్చినచెక్క.
టీపొడి నల్లగా మరిగాక పొయ్యి ఆర్పేశాను.
కిటుకంతా అక్కడే ఉంది:
ఈ పాలకి మంట గిట్టదు.
మరుగు సద్దుమణిగాక, అలిగినవాళ్లని పిలిచినట్టు,
సన్నటి ధారగా కలుపుకోవాలి.
రెండు గ్లాసుల మధ్య మూరెడెత్తున తిరగబోస్తే
నురగ కూడా వచ్చింది.
రంగు, పప్పు మీది పొట్టు రంగు.

ఊదుకుని తాగాడు. మాట్లాడలేదు.
అవతల స్టేషన్లో ఏదో బండి వచ్చి, ఆగి, వెళ్లింది.
నేనూ ఒక గుక్క తాగాను.
ఎన్ని లక్షల గింజలు దాటాయో ఈ చేతుల్లోంచి,
ఒక్కటైనా నాలుక మీద
ఇంతసేపు కూర్చోలేదు.

"మిరియం ఎక్కువైంది" అన్నాడు చివరికి.
గ్లాసు మాత్రం ముందుకి చాపాడు,
"అడుగునేటైనా ఉందేటి?"

పిప్పి సొరకాయ కూరలో వేసి పరిగెత్తినా
పనికి పావుగంట ఆలస్యమే.
మేస్త్రి నన్ను కాదు, గడియారాన్ని చూశాడు.
దిల్లేశ్వరి నా చెయ్యి లాక్కుని వాసన చూసింది.
"యాలకులు" అంది, ఎవరికీ వినపడకుండా.
"గ్లాసు ఎంతప్పా?"